ఖాళీ కడుపుతో అంటే ఎప్పుడు?

హెడ్మాస్టరు గది
జూన్ 14

బావా,

ఫోన్ చేస్తే మూడు ముక్కల్లో తేలుస్తున్నావు. బాగున్నాను, తిన్నాను, ఉంటాను. ఉత్తరమైతే తేదీ అయినా అదనంగా వేస్తావు కదా అని ఇలా మొదలుపెట్టాను. జవాబు కూడా ఉత్తరమే రాయాలి. మొండితనంలో నేను మా అక్కకి తమ్ముణ్ని.

ఒక పని పడింది. అక్క పోయి ఏడు నెలలైంది. తన ఇంగ్లీషు క్లాసులన్నీ చిన్న టీచరు చూస్తోంది. ఆ రోజు మీ ఇంటికి వచ్చినవాళ్లందరికీ మంచినీళ్లు ఇస్తూ తిరిగిందే, ఆ అమ్మాయి. అక్క దగ్గర ఈ బడిలోనే చదువుకుంది. అక్క పెద్ద టీచరు కాబట్టి పిల్లలు ఈమెని చిన్న టీచరన్నారు, అదే ఉండిపోయింది. ఏడాది చూసి ఉద్యోగం ఖాయం చేస్తామని కమిటీ అంది. ఇప్పుడు ప్రెసిడెంటుగారికి అనుమానం వచ్చింది. "పదో తరగతికి వచ్చి ఇంగ్లీషులో నాలుగు ముక్కలు రాయలేకపోతున్నారు. ఆవిడ ఉన్నప్పుడు ఇలా ఉండేదా?" అన్నారు. బయటి మనిషి వచ్చి పిల్లల్ని పరీక్షించి రిపోర్టు ఇవ్వాలట. సెప్టెంబరు మీటింగులో దాన్నిబట్టి ఆమెని ఉంచడమో పంపడమో తేలుస్తారు.

నిన్ను పిలుద్దామన్నాను. బంధువు కదా అన్నారు. "ఇంగ్లీషు విషయంలో మా బావ కట్టుకున్న పెళ్లాన్నే వదిలిపెట్టలేదు, నన్నేం వదులుతాడు" అన్నాను. ఒప్పుకున్నారు.

వస్తావా?

నీ బామ్మర్ది


ఇల్లు, ముందు గది
జూన్ 20

బామ్మర్దికి,

వస్తాను.

ముందే ఒక మాట. నీ కోసం గానీ, మీ అక్క కోసం గానీ మార్కులు వెయ్యను. ముప్పై ఏళ్లుగా మందు పెట్టెల్లో మడిచి పెట్టే కాగితాలు రాస్తున్నాను. ఇంగ్లీషులో నా మాట ఒకటి జారితే ఎవరింట్లోనో ఒక మనిషి రెండు మాత్రలకు బదులు నాలుగు మింగుతాడు. నా మటుకు భాష అలంకారం కాదు.

మీ ప్రెసిడెంటు అనుమానం నిజమే అయి ఉంటుంది. ఒక్క మీ బడిలోనే కాదు. నిన్న కళ్లద్దాల షాపుకు వెళ్లాను. లిఫ్టు తలుపు మీద ఇంగ్లీషులో ఒక కాగితం అంటించారు. లిఫ్టు చెడిపోయింది, దయచేసి వేరే అంతస్తు వాడండి, అని దాని సారాంశం. రాసినవాడు డిగ్రీ చదివే ఉంటాడు. నా ముందు నలుగురు చదివి మెట్లెక్కారు, ఒక్కరూ నవ్వలేదు. మొన్న బ్యాంకు నుంచి మెసేజీ: మీ ఫిర్యాదు విజయవంతమైంది. ఇంకా వాళ్లు నా ఫిర్యాదు చదవనేలేదు.

మా కంపెనీలో కొత్తగా చేరేవాళ్లకి ఈ రోజుకీ మొదటి పాఠం నా వాక్యమే. ఒక మందు కాగితంలో ఇంగ్లీషులో "ఖాళీ కడుపుతో" అని ఉండేది. తీసేసి "పొద్దున లేచాక, ఏమీ తినకముందు" అని రాశాను. పంతొమ్మిదేళ్ల కిందటి సంగతి. ఆ తర్వాత అన్ని కాగితాల్లోనూ అదే పెట్టారు. అంత తేట వాక్యం రావాలంటే కింద చదువు గట్టిదై ఉండాలి. అప్పటి కాలేజీలు అలాంటివి.

తిన్నాను.

బావ


ఇల్లు, ముందు గది
జూలై 18

బామ్మర్దికి,

నిన్నటి పరీక్ష పేపర్లు దిద్దాను. పదో తరగతి, ముప్పై ఎనిమిది మంది.

పది వాక్యాలు చెప్పి రాయించాను. ఎనిమిది వాక్యాలైనా సరిగా రాసినవాళ్లు నలుగురు. తర్వాత, వీధి కుళాయి పాడైందని పురపాలక అధికారికి ఫిర్యాదు రాయమన్నాను. ముప్పై ఒక్కమంది "మీరు క్షేమమని తలుస్తాను" అని మొదలుపెట్టారు. ఇరవై ఇద్దరు "మీ ప్రియమైన కుమార్తె" అనో "కుమారుడు" అనో ముగించారు. ఆ అధికారికి ఇంత సంతానం ఉందని ఆయనకి తెలియకపోవచ్చు. మధ్యలో కుళాయి సంగతి తొమ్మిదిమంది మర్చిపోయారు.

ఇది పిల్లల తప్పని అనను. గైడులో ఉన్న ఒక్క ఉత్తరాన్ని బట్టీ పట్టారు. బట్టీ పట్టనిచ్చింది టీచరు.

చిన్న టీచరు పక్కనే నిలబడింది. ఒక్క మాట సర్దిచెప్పలేదు. ఆ అమ్మాయిలో నచ్చింది అదొక్కటే.

బావ


హెడ్మాస్టరు గది
జూలై 25

బావా,

నీ ఉత్తరం గోరుచుట్టు మీద రోకటిపోటు. స్టాఫ్ రూములో ఎవరికీ చూపించలేదు. "ప్రియమైన కుమార్తె" దగ్గర మాత్రం నవ్వాపుకోలేక ప్యూనుకి చదివి వినిపించాను. "పాపం, పెద్దాయనే కదా సార్, తండ్రిలాంటివాడే" అన్నాడు.

నువ్వు చెప్పింది అబద్ధమని అనను. రాయడం రాదు. కానీ ఒక్కరోజు చూసి రిపోర్టు కట్టెయ్యకు. నాకోసం ఒక శనివారం రా, ఆఖరి పీరియడుకి. ఆ గంట పాఠం పుస్తకంలో ఉండదు. గుమ్మం దగ్గర నిలబడకు, ఇన్‌స్పెక్టరనుకుని బిగుసుకుపోతారు. వెనక బల్ల మీద కూర్చో.

ఎందుకని అడక్కు. వచ్చి చూడు.

నీ బామ్మర్ది


ఇల్లు, ముందు గది
ఆగస్టు 2

బామ్మర్దికి,

చూశాను.

పిల్లలు ఇళ్లనుంచి రకరకాల కాగితాలు తెచ్చారు. కరెంటు ఆఫీసు నోటీసు, గ్యాసు కంపెనీ చీటీ, ఎవరిదో ఆసుపత్రి కాగితం. అన్నీ ఇంగ్లీషులో ఉన్నాయి. ఒక్కొక్కరు లేచి, ఎదురుగా ఇంట్లోవాళ్లు కూర్చున్నట్టు అనుకుని, తెలుగులో చెప్పాలి. మీ టీచరు ఇంట్లోవాళ్ల వేషం కడుతుంది.

ఒక పిల్ల కరెంటు నోటీసు పట్టుకుని లేచింది. "అమ్మా, వచ్చే గురువారం పొద్దున కరెంటు ఉండదు."

"ఎన్నింటినుంచి? నాకు నీళ్లు పట్టుకోవాలి" అంది టీచరు.

"రాయలేదు టీచర్."

"టీచరెవరే, నేను మీ అమ్మని. రాయలేదా, నువ్వు చూడలేదా?"

పిల్ల మళ్లీ చదివింది. "రాయలేదమ్మా. ఇంగ్లీషులో రాస్తే అడగరనుకున్నారు."

క్లాసంతా నవ్వింది. నాకూ నవ్వు వచ్చింది, దాచను. కానీ గంటసేపటి ఇంగ్లీషు పీరియడులో ఒక్క పిల్ల నోట ఇంగ్లీషు వాక్యం పలకలేదు. రాసింది లేదు, దిద్దింది లేదు. ఇది కాలక్షేపం.

బయటికి వచ్చాక టీచరును అడిగాను, ఈ పద్ధతి ఎక్కడిదని. "ఇక్కడ అలవాటండి" అంది.

రిపోర్టు ఇలా రాయబోతున్నాను: శనివారం గంట ఎత్తివెయ్యాలి. రాయించగల టీచరును తీసుకోవాలి. మీ అక్క కూర్చున్న కుర్చీలో కాలక్షేపం జరగడం నేను సహించను. ఈ నెలాఖరుకు పంపుతాను.

బావ


హెడ్మాస్టరు గది
ఆగస్టు 10

బావా,

ఆ అలవాటు అక్కది.

ఇరవై ఆరేళ్లు ప్రతి శనివారం ఆ గంట నడిపింది. టైంటేబుల్లో "పునశ్చరణ" అని రాసేవాళ్లం. కమిటీకి తెలియదు. నీకు చెప్పొద్దని నా దగ్గర మాట తీసుకుంది. ఎందుకన్నది ఈ ఉత్తరంతో పంపుతున్న మూటలో ఉంది. పదకొండు నోటుపుస్తకాలు. నా గదిలో, నా బీరువాలోనే ఉంచేది.

వాటిలో నీ మందు కాగితాలున్నాయి బావా. అచ్చుకు వెళ్లకముందువి.

"చెబితే ఏం?" అని ఒకసారి అడిగాను. "మీ బావ వాక్యం నేను దిద్దితే ఊరుకుంటారు. ఆరో క్లాసు పిల్ల దిద్దిందంటే ఊరుకోరు" అంది.

మాట తప్పాను. అక్క ఉంటే చెవి మెలిపెట్టేది.

నీ బామ్మర్ది


ఇల్లు
ఆగస్టు 13

బామ్మర్దికి,

పుస్తకాలు అందాయి. చదువుతున్నాను. ఫోన్ చెయ్యకు.

బావ


ఇల్లు, వంటగది బల్ల
ఆగస్టు 27

బామ్మర్దికి,

పదకొండూ చదివాను. కొన్ని పేజీలు రెండుసార్లు.

ముందు కోపం సంగతి. డ్రాఫ్టు ఇంటి గడప దాటకూడదని మా కంపెనీ నియమం. ఆ నియమం గురించి ఇంట్లో ఎన్నిసార్లు చెప్పానో. "మీ కాగితాలు నాకెందుకండీ" అనేది. ఎడమ పేజీలో నా వాక్యం, తన దస్తూరీలో. మందు పేరు మాత్రం రాయలేదు. అంతవరకు నియమం పాటించినట్టు. రెండు రోజులు ఆ కోపంతో గడిచాయి. ఆ రెండు రోజులూ బాగా ఆకలి వేసింది. ఆవిడ పోయాక అంతవరకు ఆకలన్నది వెయ్యలేదు.

కుడి పేజీలో ప్రశ్నలు. పిల్ల పేరు, తరగతి, తేదీ.

"రోజుకు మూడుసార్లంటే రాత్రి లేవాలా టీచర్?"

"మాత్ర మింగి కక్కుకుంటే ఇంకోటి వేసుకోవాలా? మా తమ్ముడు కక్కుకుంటాడు."

"వైద్యునికి తెలియజేయండి అని ఉంది. మా వీధిలో డాక్టరు లేరు. ఎవరికి చెప్పాలి?"

వాటి కింద రెండు మూడు మాటల్లో ఆవిడ నాతో ఏమనాలో రాసుకుంది. ఆ మాటలు నాకు గుర్తున్నాయి. భోజనాల దగ్గర, వేరే కబురేదో చెబుతూ, "ఈ వాక్యం రెండు చేస్తే ఊపిరి తీసుకోవచ్చు కదండీ" అనేది. "కక్కుకునే పిల్లల సంగతి రాశారా?" అనేది. నేను విసుక్కునేవాణ్ని. మర్నాడు మార్చేవాణ్ని. మార్చిన ప్రతిదానికీ పక్కన టిక్కు ఉంది. మార్చనివాటికి మళ్లీ తేదీ వేసుకుంది. ఒకదానికి నాలుగు తేదీలున్నాయి. నాలుగోసారి మార్చానట.

మూడో పుస్తకంలో నా వాక్యం: ఖాళీ కడుపుతో వేసుకోవాలి. ఎదురుగా ప్రశ్న: "ఖాళీ కడుపుతో అంటే ఎప్పుడు? మా తాతయ్య సాయంత్రం వేసుకుంటున్నాడు. ఆయనకి ఆకలి అప్పుడే." ఆరో తరగతి. పేరు చూశాను. మీ చిన్న టీచరుది.

కింద, ఆ పిల్ల చెప్పిన సవరణ కూడా ఉంది. "పొద్దున లేచాక, ఏమీ తినకముందు అని రాయొచ్చు కదా."

పంతొమ్మిదేళ్లుగా ఆ వాక్యం నాదని కొత్తవాళ్లకు పాఠం చెబుతున్నాను.

ఆఖరి పుస్తకంలో ఆఖరి తేదీ, ఆసుపత్రికి వెళ్లడానికి రెండు రోజుల ముందుది. దానికి టిక్కు లేదు.

ఒకటి అడుగుతాను, దాచకుండా చెప్పు. జూన్‌లోనే ఎందుకు చెప్పలేదు?

బావ


హెడ్మాస్టరు గది
సెప్టెంబరు 2

బావా,

జూన్‌లో చెబితే నువ్వు అక్క కోసం ఈ అమ్మాయిని ఉంచమంటావు. "అక్క కోసం మార్కులు వెయ్యను" అన్నవాడివి, ఆ మాట తప్పించానని తర్వాత నన్ను జీవితాంతం సాధిస్తావు. నువ్వే చూసి, నువ్వే బాగుందంటావని ఆశపడ్డాను. అది ఒక కారణం.

రెండోది, భయం. ఇరవై ఆరేళ్లు "పునశ్చరణ" అని రాసి సంతకం పెట్టింది నేను. నీ రిపోర్టు కమిటీకి వెళితే ముందు ఊడేది నా కుర్చీ.

చిన్న టీచరును కూడా అడిగాను, నువ్వైనా చెప్పొచ్చు కదా అని. "పెద్ద టీచరు పేరు చెప్పి గట్టెక్కాలా సార్? నా క్లాసు నచ్చలేదు ఆయనకి. అది నా లోటు" అంది.

ఇప్పుడైనా అదే చెబుతున్నాను. అక్క కోసం ఏమీ రాయకు. మీటింగు పద్దెనిమిదిన.

నీ బామ్మర్ది


ఇల్లు, ముందు గది
సెప్టెంబరు 12

బామ్మర్దికి,

మీ అక్క కోసం రాయను. మళ్లీ పరీక్ష పెట్టాను, నువ్వు సెలవులో ఉన్న రోజు.

అచ్చయిన మందు కాగితం ఒకటి పిల్లలకు ఇచ్చాను, నాది కాదు, వేరే కంపెనీది. ఇంట్లో అనారోగ్యంగా ఉన్న మనిషికి ఇది ఎలా చెబుతారు? ఏది రాయలేదు? ఈ రెండే ప్రశ్నలు. ఒక్కొక్కరినీ విడిగా పిలిచి విన్నాను. ముప్పై ఎనిమిది మందిలో ముప్పై నలుగురు సరిగా చెప్పారు. రాయని సంగతులు నేను మూడు గుర్తించాను. వాళ్లు అయిదు పట్టుకున్నారు.

అదే కాగితం మా ఆఫీసులో కొత్తగా చేరిన తొమ్మిదిమందికి ఇచ్చాను. పెద్ద బడుల్లో చదివినవాళ్లు, ఇంగ్లీషు గలగలా మాట్లాడతారు. ముగ్గురు సరిగా చెప్పారు. రాయనిది ఏమిటని అడిగితే ఒకతను, "రాయలేదంటే అవసరం లేదనే కదా సార్" అన్నాడు. లిఫ్టు దగ్గర ఆగకుండా మెట్లెక్కేది ఇలాంటివాళ్లే.

చదువు దిగజారిందనే మాట వెనక్కి తీసుకోను. ఎక్కడ దిగజారిందో తప్పు చోట వెతికాను.

రిపోర్టు జత చేశాను. పిల్లలకు రాయడం రాదని అందులో ఉంది, ఎందుకంటే రాదు. చదివింది పట్టుకోవడం వచ్చని ఉంది, ఎందుకంటే వచ్చు. రెండోది నేర్పినవాళ్లు మొదటిది నేర్పగలరు. మొదటిదే నేర్పినవాళ్లు రెండోది నేర్పగలరని మా ఆఫీసు చూస్తే నమ్మకం కలగదు. చిన్న టీచరును ఖాయం చెయ్యాలి. శనివారం గంటను దాని అసలు పేరుతో టైంటేబుల్లో వెయ్యాలి.

మీటింగుకు నేనే వస్తాను. ఖాళీ కడుపు వాక్యం ఎవరిదో నా నోటితో చెప్పాలి. నీ పునశ్చరణ సంతకాల సంగతి కూడా నువ్వే చెప్పు. నేను చెబితే బాగుండదు.

బావ


హెడ్మాస్టరు గది
సెప్టెంబరు 20

బావా,

నువ్వు చెప్పాల్సింది చెప్పి, "ఓటింగులో నేనుండకూడదు" అని లేచి వెళ్లిపోయావు. అందరూ ఆగమంటున్నా ఆగలేదు. తర్వాత జరిగింది రాస్తున్నాను.

ముందు నేను సంతకాల సంగతి చెప్పాను. బల్ల పట్టుకుని చెప్పాను. ప్రెసిడెంటుగారు కళ్లద్దాలు తీసి తుడుచుకుని, "ఇరవై ఆరేళ్లు పునశ్చరణ చేశారా? ఇప్పటికి కంఠతా వచ్చి ఉండాలే" అన్నారు. తిట్టారో వదిలేశారో ఇంకా తెలియడం లేదు. రాతపూర్వకంగా సంజాయిషీ అడిగారు. ఇస్తాను.

తర్వాత ఒకాయన, "ఎంత చెప్పినా పిల్లలు గేటు దాటేలోపు నాలుగు ముక్కలు ఇంగ్లీషులో మాట్లాడకపోతే తల్లిదండ్రులు మన బడికి పంపరండీ" అన్నారు. చెప్పేవాడికి వినేవాడు లోకువ కదా, చాలాసేపు చెప్పారు. అప్పుడు ప్రెసిడెంటుగారు జేబులోంచి తన బీపీ మాత్రల పెట్టె తీసి, లోపలి కాగితం విప్పి ఆయన చేతిలో పెట్టారు. "నేను ఆరేళ్లుగా ఇది చదవలేదు. మీరు చదివి నాకు చెప్పండి" అన్నారు. ఆయన చదివారు. చదువుతూనే ఉన్నారు. ప్రెసిడెంటుగారు చిన్న టీచరును లోపలికి పిలిపించారు. ఆమె చదివి, మూడు మాటల్లో చెప్పి, "ఇది మీరు ఎప్పుడు వేసుకుంటున్నారండీ?" అని ప్రెసిడెంటుగారిని అడిగింది. ఆయన చెప్పారు. "డాక్టరుగారిని ఒకసారి అడగండి" అంది.

అయిదు చేతులు లేచాయి, రెండు లేవలేదు. చిన్న టీచరు ఉద్యోగం ఖాయం.

ఒక షరతు పెట్టారు. వచ్చే ఏడాదికి పిల్లలకు రాయడం రావాలి. ఎవరు నేర్పుతారని అడిగితే, రిపోర్టు రాసినాయనే బుధవారాలు వస్తారని చెప్పేశాను. నిన్ను అడగలేదు. తిట్టదలిస్తే ఉత్తరంలో తిట్టు.

నీ బామ్మర్ది


ఇల్లు, ముందు గది
అక్టోబరు 15

బామ్మర్దికి,

తిట్టను. మూడు బుధవారాలు అయ్యాయి. "ప్రియమైన కుమార్తె" పోయింది. కుళాయి సంగతి అందరూ మొదటి వాక్యంలోనే రాస్తున్నారు. ఎప్పుడు పాడైంది, ఏ వీధి, ఎంతమందికి ఇబ్బంది, ఇవి అడిగితేగానీ రాయడం లేదు. మీ టీచరు శనివారం నోటితో అడిగిస్తుంది, నేను బుధవారం చేత్తో రాయిస్తాను. మాకిద్దరికీ ఇంకా పడటం లేదు. నేను ఎర్ర సిరా ఎక్కువ వాడుతున్నానట. ఆమె అన్నది ఆలోచిస్తున్నాను.

మొన్న శనివారం నేను కూడా ఒక కాగితం తీసుకెళ్లాను. దగ్గు మందు కాగితం, నాది, అచ్చుకు వెళ్లాల్సినది. ఈసారి కంపెనీ అనుమతి రాయించుకున్నాను. తొమ్మిదో తరగతి పిల్ల ఒకతి చదివింది. మందు వేసుకున్నాక మత్తుగా ఉండవచ్చు, యంత్రాలు నడపరాదు, అన్న దగ్గర ఆగింది.

"ఇది ఎవరికి రాశారండీ?"

"ఈ మందు వేసుకునేవాళ్లకి."

"మా నానమ్మ వేసుకుంటుంది. ఆవిడ మీకు తెలుసా?"

"తెలియదమ్మా."

"కుట్టుమిషను కుడుతుంది. అది యంత్రమేనా?"

సోమవారం కంపెనీ డాక్టరును అడిగాను. ఆయన, "కాలితో తొక్కేదా, కరెంటుదా?" అన్నాడు. అది నాకూ తెలియదు.

ప్రింటింగు వాళ్లు రెండుసార్లు ఫోన్ చేశారు. ఆ పిల్ల వచ్చే శనివారం నానమ్మను బడికి తీసుకొస్తానంది. అంతవరకు ఆగమన్నాను.

బావ